సూక్ష్మజీవి పేరు ఒక్కటే చాలదు, ఇంటిపేరు కూడా చెప్పాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ జిల్లా పేజీలో మళ్లీ అదే వార్త చూశాను. హాస్టల్లో పిల్లలకు వాంతులు, విరేచనాలు, ఆస్పత్రిలో చేర్చారు, కలుషిత ఆహారమే కారణమన్నారు, వంటమనిషిని తీసేశారు, విచారణకు ఆదేశించారు. ఊరి పేరూ తేదీ మారిస్తే కిందటేడాది వచ్చిన వార్త కూడా ఇదే. ఆ విచారణల్లో చివరికి ఏం తేలిందో మాత్రం ఏ పేపర్లోనూ నాకు కనపడలేదు. మీరు రాయలేదని అనడం లేదు, తేలితే కదా మీరు రాసేది. ఎందుకు తేలడం లేదో లోపల పనిచేసే మనిషిగా నాకు తెలుసు, అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, అయినా దయచేసి వేయండి.

నేను ఉత్తరాంధ్రలో ఒక ఆస్పత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో ఇరవై రెండేళ్లుగా టెక్నీషియన్‌గా చేస్తున్నాను. రెండేళ్ల కిందట, వానలు మొదలైన కొత్తలో, రాత్రి పదిన్నరకి మా మేనకోడలు వార్డెన్ ఫోన్ నుంచి నాకు కాల్ చేసింది. తొమ్మిదో తరగతి పిల్ల. "అత్తా, కడుపులో మెలిపెట్టేస్తోంది, నాన్నకి చెప్పకు, కంగారు పడతాడు" అంది. తెల్లారేసరికి ఆ హాస్టల్ పిల్లలు ముప్ఫై మందికి పైగా ఆస్పత్రిలో ఉన్నారు, మంచానికి ఇద్దరేసి. డాక్టర్లు, నర్సులు రాత్రంతా నిలబడే చూశారు, పిల్లలందరూ క్షేమంగా ఇంటికి వెళ్లారు, ఆ విషయంలో వాళ్లకి చేతులెత్తి దండం పెడతాను. నా బాధ దాని తర్వాత జరిగిన దాని గురించి.

మా ల్యాబ్‌కి శాంపిళ్లు మూడో రోజు మధ్యాహ్నం వచ్చాయి. మూడో రోజు! అప్పటికే పిల్లలకి సెలైన్‌తో పాటు యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు రెండు మూడు డోసులు పడిపోయాయి. స్వాబ్‌లను (శాంపిల్ తీసిన దూది పుల్లల్ని) క్యారీ బ్లెయిర్ అనే మెత్తటి మీడియం ఉన్న ట్యూబులో గుచ్చి పంపాలి, అందులో అయితే సూక్ష్మజీవి దారిలో చచ్చిపోకుండా ఉంటుంది. ఉత్త ట్యూబుల్లో పెట్టి పంపారు, దూది ఎండిపోయి గట్టిపడింది. హాస్టల్ ట్యాంకు నీళ్ల బాటిల్ మూత తీస్తే బ్లీచింగ్ వాసన గుప్పుమంది. ముందు ట్యాంకులో బ్లీచింగ్ కలిపి, తర్వాత నీళ్లు పట్టారన్నమాట, అదీ బ్లీచింగ్‌ని విరిచేసే హైపో (సోడియం థయోసల్ఫేట్) వేయని బాటిల్లో. ఆ నీళ్లలో ఇంకేం బతికి ఉంటుంది?

అయినా చేయాల్సినవన్నీ చేశాం. మర్నాడు పొద్దున్న ఇంక్యుబేటర్ తలుపు తీసి ప్లేట్లు ఒక్కొక్కటీ కిటికీ వెలుతురుకి పట్టి చూశాను. ఎక్స్‌ఎల్‌డీ అని సూక్ష్మజీవుల్ని పెంచే ఎర్రటి అగర్ (జెల్లీ లాంటిది) ఉంటుంది, దాని మీద విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా పెరిగితే చేప కన్నులా మధ్యలో నల్ల చుక్కతో కాలనీలు వస్తాయి. చాలా ప్లేట్లు ఖాళీగా ఉన్నాయి. ఇద్దరు పిల్లల ప్లేట్ల మీద నల్ల చుక్కలు కనపడ్డాయి. మూడోది వంటమనిషిది.

రిపోర్టులో "సాల్మొనెల్లా పెరిగింది" అని రాశాం. రాసింది నిజమే. కానీ ఆ ఒక్క మాటతో, ఆవిడ చేతుల వల్లే పిల్లలకి అంటుకుందని అందరూ తీర్మానించేశారు. పదకొండేళ్లు ఆ హాస్టల్లో వండిన మనిషిని ఆ వారమే పనిలోంచి తీసేశారు. ఆవిడ మా ల్యాబ్ గుమ్మం దాకా వచ్చింది. "అమ్మా, నాకు ఒక్క విరేచనం కూడా అవ్వలేదు, నా కూతురూ ఆ అన్నమే తింది, నా దాంట్లో ఏముందని రాశారమ్మా?" అని అడిగింది. ఏం చెప్పాలో నాకు తోచలేదు. జబ్బు లేకుండానే సాల్మొనెల్లాని కడుపులో మోసే మనుషులు ఉంటారు, అది నిజం. కానీ ఆవిడ కడుపులో ఉన్నదీ పిల్లల కడుపులో ఉన్నదీ ఒకటేనా అన్న ప్రశ్న ఎవరూ అడగలేదు, మేమూ చూడలేదు. ప్లేట్లు ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్‌లో వేసి పారేశాం. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ నాకు మనసు చివుక్కుమంటుంది.

చదివేవాళ్లకి అర్థమయ్యేలా చెప్తాను. మా ఊళ్లో "అప్పలనాయుడూ" అని కేకేస్తే నలుగురు పలుకుతారు. ఎక్కడో దొంగతనం జరిగి, చేసింది అప్పలనాయుడట అని తెలిస్తే, కనపడిన మొదటి అప్పలనాయుణ్ని పట్టుకుపోతే న్యాయమా? ఇంటిపేరు అడగాలి, తండ్రి పేరు అడగాలి. సాల్మొనెల్లా అన్నదీ అలాంటి పేరే. సీరం పరీక్షతో విడదీసి చూస్తేనే అందులో 2,500కి పైగా రకాలు ఉన్నాయి, ఒక్కో రకంలో మళ్లీ బోలెడు వంశాలు. ఈ వంశాన్నే మేం స్ట్రెయిన్ అంటాం. ఏ వంశానిదో తెలిస్తేనే పిల్లల్లో ఉన్నది ట్యాంకు నుంచి వచ్చిందా, కోడిగుడ్ల నుంచి వచ్చిందా, వంటమనిషి నుంచి వచ్చిందా అని వెతకడానికి ఒక దారి దొరుకుతుంది. కరోనా టైంలో డెల్టా, ఒమిక్రాన్ అని మా వీధిలో ముసలమ్మలు కూడా మాట్లాడుకున్నారు. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో ఆ వైరస్ జన్యువులు చదివి ఏ రకం తిరుగుతోందో చెబుతున్నారని పేపర్లలో రోజూ వచ్చేది. మనుషుల డీఎన్‌ఏ వేలిముద్రలు చూడ్డానికి మన దేశపు సొంత పద్ధతిని శాస్త్రవేత్త లాల్జీ సింగ్ గారు తయారుచేసింది కూడా ఆ సీసీఎంబీలోనే, రాజీవ్ గాంధీ హత్య కేసు దర్యాప్తులో కూడా దాన్ని వాడారు. మనిషికీ వైరస్‌కీ చేయగలిగిన పని, హాస్టల్ పిల్లల కడుపులో దూరిన బ్యాక్టీరియాకి ఎందుకు చేయం?

ఇంటిపేరు అడగకపోతే ఏమవుతుందో, అడిగితే ఏమవుతుందో రెండూ ఒకే నెలలో కనపడిన చోటు జర్మనీ. 2011 మే నెలలో అక్కడ హాంబర్గ్ చుట్టుపక్కల జనం రక్త విరేచనాలతో ఆస్పత్రుల్లో చేరడం మొదలైంది, చాలామందికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. కారణం విషం విడుదల చేసే ఈ కోలి (E. coli) అనే బ్యాక్టీరియా అని తేలింది. మార్కెట్లో కూరగాయలు పరీక్షిస్తే స్పెయిన్ నుంచి వచ్చిన దోసకాయల మీద విషం విడుదల చేసే ఈ కోలి దొరికింది. అంతే, మే 26న హాంబర్గ్ అధికారులు స్పెయిన్ దోసకాయల పేరు బయటపెట్టేశారు. యూరప్ అంతటా జనం దోసకాయలు కొనడం మానేశారు, స్పెయిన్ రైతులు పంటని పారబోసుకున్నారు. ఐదు రోజుల తర్వాత, మే 31న, దోసకాయ మీదున్న ఈ కోలి, రోగుల్లో ఉన్న ఈ కోలి వేరు వేరు వంశాలని పరీక్షల్లో బయటపడింది. పేరు ఒకటే, ఇంటిపేరు వేరు. నష్టపోయిన కూరగాయల రైతులకి యూరోపియన్ యూనియన్ 21 కోట్లకు పైగా యూరోలు పరిహారంగా ఇవ్వాల్సి వచ్చింది. మన వంటమనిషికి ఆ మే 31 ఎప్పటికీ రాలేదు.

తర్వాత ఏం జరిగిందో కూడా చెప్పాలి. రోగుల్లో ఉన్నది ఓ104:హెచ్4 అనే అరుదైన రకమని మ్యూన్‌స్టర్ యూనివర్సిటీలో హెల్గె కార్చ్ గారి ల్యాబ్ వాళ్లు కొద్ది రోజుల్లోనే గుర్తుపట్టారు. అంతటితో ఆగకుండా ఆ వంశానికే ప్రత్యేకమైన నాలుగు జన్యువుల జట్టుని ఏరి, నాలుగింటినీ ఒకేసారి వెతికే పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కని లెక్కలేనన్ని కాపీలు చేసి పట్టే) పరీక్ష తయారుచేశారు. ఇక ఏ ఆస్పత్రికి కొత్త కేసు వచ్చినా, ఇది ఆ మహమ్మారి తాలూకుదా, మామూలు విరేచనాలా అన్నది కొన్ని గంటల్లో తేల్చుకునే వీలు దొరికింది. మన దగ్గర కూడా త్వరగా జరగాలని నేను అడుగుతున్నది ఇలాంటి పనే. ఇంకోపక్క ఎవరెవరు ఏ హోటల్లో ఏం తిన్నారో ఇంటింటికీ తిరిగి అడుగుతూ పోతే, ఒక తోటలో పెంచిన మొలకలు బయటపడ్డాయి. జూన్‌లో ఫ్రాన్స్‌లో బోర్డో దగ్గర కొంతమందికి ఇదే జబ్బు వచ్చింది, జన్యువులు పోల్చి చూస్తే అదే వంశం. రెండు చోట్లా సమానంగా ఉన్నది ఒక్కటే, ఈజిప్టు నుంచి వచ్చిన మెంతులు. అవును, మన మెంతులే, వాటిని మొలకెత్తించి పచ్చిగా తిన్నారు. విచిత్రమేంటంటే ఆ మెంతి గింజల మీద సూక్ష్మజీవి ఎంత వెతికినా దొరకలేదు. వంశం కలవడం, తిన్నవాళ్ల జాబితా కలవడం, ఈ రెండిటితోనే మూలం పట్టుకున్నారు. దాదాపు 3,800 మంది జబ్బుపడి, 50 మందికి పైగా చనిపోయిన ఘటన అది. దోసకాయల దగ్గరే ఆగిపోయి ఉంటే ఆ మొలకలు జనం పళ్లేల్లోకి ఇంకా ఎన్నాళ్లు వెళ్లేవో.

ఇక పరీక్షల సంగతి. ఇదేదో మన చేతికందని విద్య అనుకుంటారు చాలామంది, మా డిపార్ట్‌మెంట్‌లో వాళ్లు కూడా. పాత పద్ధతి ఒకటుంది, పల్స్‌డ్ ఫీల్డ్ జెల్ అంటారు. బ్యాక్టీరియా డీఎన్‌ఏని ఒక ఎంజైమ్‌తో పెద్ద పెద్ద ముక్కలుగా కోసి, జెల్ మీద కరెంటు దిశ మార్చి మార్చి పంపితే ముక్కలు వాటి సైజుని బట్టి గీతలుగా విడిపోతాయి. రెండు చీరల అంచులు పక్కపక్కన పెట్టి గీతలు కలిశాయో లేదో చూస్తాం కదా, అలా చూడాలి. 1993లో అమెరికాలో జాక్ ఇన్ ది బాక్స్ హోటళ్ల హాంబర్గర్లు తిని 700 మందికి పైగా జబ్బుపడి నలుగురు పిల్లలు చనిపోయినప్పుడు, రోగుల్లోదీ మాంసంలోదీ ఒకే ఈ కోలి అని ఈ గీతలతోనే తేల్చారు. ఆ తర్వాత 1996లో పల్స్‌నెట్ అని ల్యాబులన్నిటినీ కలిపి ఒక వ్యవస్థ పెట్టుకున్నారు, ఒక ఊళ్లో దొరికిన గీతలు ఇంకో ఊరివాళ్లు వెంటనే పోల్చుకోడానికి. అయితే ఆ జెల్ పద్ధతిలో చెయ్యి తిరగాలి, కల్చర్ (ప్లేట్ మీద పెంచిన క్రిమి) వచ్చాక కూడా రెండు మూడు రోజులు పడుతుంది. పీసీఆర్‌తో చేసే పద్ధతులు అంతకన్నా తొందరగా అవుతాయి. డీఎన్‌ఏలో ఒకే మాట వరుసగా ఎన్నిసార్లు తిరిగి వచ్చిందో కొన్ని చోట్ల లెక్కపెట్టి, ఆ అంకెల వరుసతో వంశం చెప్పే పద్ధతి ఒకటుంది. ఏడు జన్యువులు చదివి నంబర్ ఇచ్చే పద్ధతి 1998 నుంచీ ఉంది. ఇప్పుడైతే క్రిమి మొత్తం డీఎన్‌ఏనే చదివేస్తున్నారు. సాల్మొనెల్లాకి దాదాపు 48 లక్షల అక్షరాలు, అన్నీ చదివి పోలిస్తే ఒకే ట్యాంకు నుంచి వచ్చినవి అయితే తేడా వేళ్ల మీద లెక్కపెట్టేటంత ఉంటుంది. పల్స్‌నెట్ వాళ్లు కూడా 2019లో జెల్ వదిలేసి దీనికే మారిపోయారు.

ఒక్క మాట నిజాయితీగా చెప్పాలి. వంశం కలిసినంత మాత్రాన దోషం రుజువైపోదు. వంటమనిషి వంశం, పిల్లల వంశం ఒకటే అని తేలినా, ఆవిడ నుంచి పిల్లలకి వెళ్లిందా, అందరూ ఒకే ట్యాంకు నీళ్లు తాగారా అన్నది మళ్లీ విడిగా కనుక్కోవాలి. కానీ వేరు వేరు అని తేలితే మాత్రం ఆవిడ మీద నింద అక్కడితో పోతుంది. నాకు కావాల్సింది ఆ న్యాయం. పైగా ఆవిడని తీసేసి తలుపు వేసేశాక ట్యాంకు పైపు గురించి ఎవరు వెతుకుతారు? అసలు కారణం అక్కడే ఉండిపోతుంది, తర్వాతి వానాకాలం దాకా.

పెద్దవాళ్లు తప్పించుకోకుండా చేసింది కూడా ఈ పరీక్షలే. హైతీ దేశంలో 2010 జనవరిలో భూకంపం వచ్చింది, అక్టోబర్‌లో కలరా వచ్చింది. అంతకుముందు వందేళ్లుగా ఆ దేశంలో కలరా అన్న మాట లేదు. సాయానికి నేపాల్ నుంచి వెళ్లిన ఐక్యరాజ్యసమితి సైనికుల క్యాంపు మురుగు నదిలో కలిసిందని ఊరి జనం మొదట్నించీ మొత్తుకున్నారు, ఎవరూ వినలేదు. హైతీ రోగుల్లోని కలరా క్రిమినీ నేపాల్లో దొరికిన కలరా క్రిమినీ పక్కపక్కన పెట్టి జన్యువులు చదివితే దాదాపు అచ్చుగుద్దినట్టు కలిశాయి. దాదాపు పదివేల మంది చనిపోయాక, 2016 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ హైతీ ప్రజలకి క్షమాపణ చెప్పారు. పేదవాళ్ల మాటకి సాక్ష్యంగా నిలబడింది ల్యాబ్ కాగితం.

మన దగ్గర అలాంటి సందర్భాలు లేవా? 2009 మే నెలలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో కుళాయి నీళ్లు తాగి జనం చనిపోయారు. 2024 అక్టోబర్‌లో మా విజయనగరం జిల్లా గుర్లలో డయేరియా ఊరంతటినీ మంచాన పడేసింది, ప్రాణాలు పోయాయి. ఇలాంటివి జరిగిన ప్రతిసారీ ఊళ్లో జనం అడిగేది ఒక్కటే, "ఎక్కడినుంచి వచ్చింది?" అని. నీళ్లు కలుషితం అయ్యాయని చెప్పడం దానికి సగం సమాధానమే. ఏ పైపు, ఏ బోరు, ఏ కాలవ అని చెప్పాలంటే రోగి నుంచి తీసిన క్రిమీ నీళ్ల నుంచి తీసిన క్రిమీ రెండూ చేతిలో ఉండాలి, రెండిటి వంశం పోల్చాలి.

దీనికి కోట్ల రూపాయల కొత్త భవనాలు అక్కర్లేదు. కరోనా టైంలో ఆర్‌టీపీసీఆర్ మెషిన్లు జిల్లాల్లోకి వచ్చాయి, టీబీకి సీబీనాట్, ట్రూనాట్ మెషిన్లు అంతకుముందే ఉన్నాయి. టీబీ క్రిమిలో రిఫాంపిసిన్ మందుకి లొంగని మార్పు ఉందో లేదో కఫం నుంచి రెండు గంటల్లో జన్యు పరీక్షతో చెప్పే పని మాలాంటి టెక్నీషియన్లే రోజూ చేస్తున్నారు. చేతులకి పని వచ్చు, ప్రైమర్లూ కిట్లూ ఇవ్వండి, నాలుగు రోజుల ట్రైనింగ్ ఇవ్వండి, విరేచనాల క్రిములకీ చేస్తాం. మొత్తం డీఎన్‌ఏ చదవాల్సిన వాటిని సీసీఎంబీ లాంటి పెద్ద ల్యాబుకో, కలరా అయితే కోల్‌కతాలో ఉన్న జాతీయ సంస్థకో పంపొచ్చు.

కానీ పంపడానికి క్రిమి బతికి ఉండాలి కదా. నా మొత్తం గోడు ఇక్కడే ఉంది. మొదటి ఇంజెక్షన్ పడకముందే ఓ పదిమంది దగ్గర స్వాబ్ తీసుకోవాలి, ఐదు నిమిషాల పని. వైద్యం ఆపమని చెప్పడం లేదు, నర్సమ్మ సెలైన్ పెట్టే ముందు స్వాబ్ తీయమంటున్నాను. అందుకు ప్రతి పీహెచ్‌సీలో క్యారీ బ్లెయిర్ ట్యూబులు ఉండాలి, వాటి మీద డేట్ దాటిపోకుండా చూసుకోవాలి. ట్యాంకులో బ్లీచింగ్ వేయకముందే హైపో ఉన్న బాటిల్లో నీళ్లు పట్టాలి. మిగిలిన కూర, అన్నం పారబోయకుండా గిన్నెలో మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఇక మా వైపు చేయాల్సింది, పెరిగిన క్రిమిని పారేయకూడదు. మైనస్ 80 ఫ్రీజర్ లేకపోయినా ఫర్వాలేదు, ఒక చిన్న న్యూట్రియెంట్ అగర్ ట్యూబులో సూదితో పొడిచి, మూత బిగించి, చీకట్లో పెడితే సాల్మొనెల్లా నెలల తరబడి బతుకుతుంది. ఆ హాస్టల్ గొడవ తర్వాత నేను నా అంతట నేనే ఇలా దాచడం మొదలుపెట్టాను, మా మేడమ్ కూడా ఒప్పుకున్నారు, ఇప్పుడు మా అలమారలో లేబుళ్లు అంటించిన ట్యూబుల స్టాండు ఒకటి ఉంది. వాటిని ఎవరికి పంపాలో చెప్పే ఆర్డరు మాత్రం ఇంతవరకూ రాలేదు.

వచ్చిన ఫలితం తల్లిదండ్రులకి చెప్పాలి. మా అన్నయ్య రెండేళ్ల నుంచీ అడుగుతూనే ఉన్నాడు, పిల్లకి ఏమైందో నువ్వు ల్యాబ్‌లోనే ఉన్నావు కదా, చెప్పమని. పిల్ల మళ్లీ అదే హాస్టల్లో అదే ట్యాంకు నీళ్లు తాగుతోంది, ప్రతి జూన్‌లో మా వదినకి టెన్షన్ మొదలవుతుంది.

ఎడిటర్ గారూ, మీరు చేయగలిగింది కూడా ఉంది. వంటమనిషి నిర్లక్ష్యం అని హెడ్డింగు పెట్టేముందు, ల్యాబ్‌లో ఏం పెరిగింది, ఎవరెవరి దాంట్లో పెరిగింది, రెండూ ఒకే వంశమా అని మీ విలేకరి చేత అడిగించండి. అధికారులకి ఆ ప్రశ్న నలుగురు విలేకరుల నుంచి వస్తే ఐదోసారికి సమాధానం సిద్ధం చేసుకుంటారు. ఆ హాస్టల్లో వండినావిడ ఇప్పుడు ఉపాధి హామీ పనికి వెళ్తోంది. మొన్న సంతలో ఎదురైతే నన్ను చూసి తల తిప్పుకుంది.

మొన్నటి మీ వార్తలో ఉన్న వంటమనిషి దగ్గర కూడా శాంపిల్ తీసే ఉంటారు. ఏదైనా పెరిగి ఉంటే ఆ కల్చర్ పారేయకుండా ఉంచారో లేదో ఈ వారంలోనే కనుక్కోమనండి. ప్లేట్లు మా ల్యాబుల్లో వారానికి మించి ఉంచరు.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
విజయనగరం జిల్లా